జపాన్ 29, మనం 7: ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టే ముందు

అనంతపురంలో అర్థశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది: "జపాన్ జనాభాలో 65 ఏళ్ళు దాటినవారు 29 శాతం, భారతదేశంలో 7 శాతమే. కాబట్టి వృద్ధాప్య సమస్య మనకు ఇంకా చాలా దూరంలో ఉందని నా ప్రాజెక్టులో రాయవచ్చా? వేర్వేరు దేశాల్లో వృద్ధుల వాటా ఎలా పెరుగుతూ వచ్చిందో కాలక్రమంలో పోల్చడానికి ఏది సరైన పద్ధతి?"

అలా రాయవద్దు. రెండు అంకెలూ సరైనవే గానీ వాటి నుంచి మీరు తీసిన నిర్ధారణ నిలబడదు. నేను కర్నూలు జిల్లాలో గణాంక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. సహాయ గణాంకాధికారిగా మండలాల్లో తిరిగిన కాలం నుంచి జనాభా పట్టికలతోనే నా ఉద్యోగమంతా సాగింది. కాస్త విపులంగానే చెబుతాను. రాయలసీమలో చదువుకునేవాళ్ళు ఈ ప్రశ్నను పట్టుకోవడం నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ముందుగా ఒక చిన్న జాగ్రత్త. మన చట్టాలు, పింఛన్లు 60 ఏళ్ళను గీతగా పెట్టుకున్నాయి. తల్లిదండ్రుల పోషణకు సంబంధించిన 2007 నాటి చట్టం కూడా 60 నిండినవారినే వయోవృద్ధులుగా గుర్తిస్తుంది. జపాన్, కొరియా, ఐరోపా లెక్కల్లో ఎక్కువగా కనిపించేది 65. మన 2011 జనగణనలో 60 దాటినవారు 8.6 శాతం, అంటే సుమారు 10.4 కోట్లు. అదే పట్టికలో గీతను 65కు జరిపితే వాటా 5.5 శాతానికి దిగుతుంది. ఒక దేశానికి 60 గీత, ఇంకో దేశానికి 65 గీత తీసుకుని పోల్చిన వ్యాసాలు పత్రికల్లో చాలా చూశాను. మీరు రెండిటికీ ఒకే గీత పెట్టుకున్నారు, అంతవరకు బాగుంది. అయితే 2011 తర్వాత మనదేశంలో జనగణన జరగలేదన్నది మరవకండి. మీరు రాసిన 7 శాతం ఐక్యరాజ్యసమితి వేసిన అంచనా, ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టింది కాదు. పట్టిక కింద ఆ మాట తప్పకుండా రాయండి.

ఇక అసలు విషయం. జనాభాలో వృద్ధుల వాటా ఎందుకు పెరుగుతుంది అని అడిగితే, వైద్యం మెరుగుపడి మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు కాబట్టి అని దాదాపు అందరూ చెబుతారు. మొదటి దశలో జరిగేది వేరు. ఆయుర్దాయం పెరగడం మొదలైనప్పుడు ముందుగా తగ్గేది పసిపిల్లల మరణాలు. బతికి బట్టకట్టే పిల్లలు ఎక్కువవుతారు, దాంతో జనాభా ఇంకా లేతబడుతుంది. మన దేశంలోనే చూడండి. స్వాతంత్ర్యం తర్వాత మశూచి, మలేరియా, కలరా మరణాలు తగ్గాయి. 1971 జనగణన నాటికి 14 ఏళ్ళ లోపు పిల్లలు జనాభాలో 42 శాతం దాకా ఉన్నారు. వృద్ధుల వాటా పెరిగేది కాన్పులు తగ్గినప్పుడు. అడుగున పిల్లల వరుస సన్నబడితే పైనున్న వరుసల వాటా దానంతట అదే పెరుగుతుంది. అమెరికన్ జనాభా శాస్త్రవేత్త ఆన్స్‌లీ కోల్ 1950లలోనే ఈ సంగతిని లెక్కలతో నిరూపించాడు. జపాన్ లాంటి దేశాల్లో కాన్పులు ఎప్పుడో తగ్గిపోయి, పెద్దవయసు మరణాలు కూడా తగ్గాయి కాబట్టి ఇప్పుడు అక్కడ ఆయుర్దాయం పాత్ర కూడా పెద్దదే. 1963లో వందేళ్ళు దాటినవారు జపాన్ మొత్తం మీద 153 మంది. 2024లో 95 వేలకు పైన. మనం ఇంకా ఆ దశకు రాలేదు. మనదగ్గర జరుగుతున్నది ప్రధానంగా కాన్పుల తగ్గుదల ఫలితమే.

కాన్పులు ఎంత తగ్గాయో మన రాష్ట్రంలోనే తెలుస్తుంది. 1992-93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2005-06కల్లా 1.8. 2019-21 సర్వేలో 1.7. తరానికి తరం సరిపోవాలంటే సుమారు 2.1 కావాలి. అంటే ఇరవై ఏళ్ళుగా మనం ఆ గీత కింద ఉన్నాం. దేశం మొత్తం మీద 2.0కు వచ్చింది ఈ మధ్యనే.

ఇప్పుడు మీరు అడిగిన పద్ధతి దగ్గరకు వస్తాను. రెండు దేశాలను ఒకే సంవత్సరంలో నిలబెట్టి శాతాలు చూడటం ఒక రకం పోలిక. దానివల్ల తెలిసేది చాలా కొంచెం. నేను ఎప్పుడూ చేసేది ఇంకో రకం: దేశాలను ఒకే దశలో నిలబెట్టడం. 65 దాటినవారు 7 శాతానికి చేరిన సంవత్సరాన్ని ప్రతి దేశానికీ సున్నా సంవత్సరంగా పెట్టుకోండి. అక్కడి నుంచి 14 శాతానికి చేరడానికి ఎన్నేళ్ళు పట్టిందో చూడండి.

ఫ్రాన్స్‌లో విప్లవం నాటి రోజుల నుంచే కాన్పులు తగ్గడం మొదలైంది. 7 శాతం 1865 ప్రాంతంలో వచ్చింది, 14కు చేరింది 1980 దగ్గర. 115 ఏళ్ళు. స్వీడన్‌కు 1890 నుంచి 1975 దాకా, 85 ఏళ్ళు. అమెరికాకు 1944 నుంచి 2013 దాకా, దాదాపు 70 ఏళ్ళు. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లల వెల్లువ, వలస వచ్చిన పడుచువాళ్ళు ఆ దేశాన్ని చాలాకాలం లేతగా నిలిపారు. తర్వాత జపాన్: 1970లో 7, 1994లో 14. కేవలం 24 ఏళ్ళు. చైనాకు 2000 జనగణన నాటికి 7 దగ్గర ఉండి, 2021 చివరికి 14.2 అయింది. దక్షిణ కొరియా 2000లో 7, 2018కల్లా 14. ఏడేళ్ళు తిరగకుండానే, 2024 డిసెంబరులో 20 కూడా దాటేసింది. 2023లో అక్కడ ఒక స్త్రీకి సగటున పుట్టిన పిల్లలు 0.72.

భారతదేశానికి సున్నా సంవత్సరం ఇప్పుడే, 2023 అటూ ఇటూగా. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2050 నాటికి 15 శాతం దగ్గర ఉంటాం. అంటే మన వేగం ఇంచుమించు జపాన్ వేగం. ఫ్రాన్స్ ముత్తాతల కాలం నుంచి మునిమనవల కాలం దాకా నడిచిన దూరాన్ని, ఇప్పుడు డిగ్రీ చదువుతున్న మీరు మీ ఉద్యోగం ముగియకముందే చూస్తారు. మీ ప్రాజెక్టులో "29 ఎక్కడ, 7 ఎక్కడ" అనే వాక్యం బదులు "జపాన్ 1970, భారత్ 2023" అనే వాక్యం పెట్టండి. ప్రశ్నే మారిపోతుంది.

ఆ ప్రశ్న ఏమిటంటే, 7 శాతం దగ్గర నిలబడ్డప్పుడు ఎవరి చేతిలో ఏముంది? ఈ భాగం మీద ఎక్కువ పేజీలు ఖర్చు పెట్టండి.

1970లో జపాన్ అప్పటికే పారిశ్రామిక దేశం. 1961లోనే ప్రతి పౌరుడికీ ఆరోగ్య బీమా, ప్రతి పౌరుడికీ పింఛను అన్న ఏర్పాటు పూర్తిచేసింది. 1973లో 70 దాటినవారికి వైద్యం ఉచితం చేసింది, ఖర్చు భరించలేక తర్వాత దాన్ని కుదించుకుంది. 2000లో దీర్ఘకాల సంరక్షణ బీమా తెచ్చింది. నలభై దాటిన ప్రతి ఒక్కరూ చందా కడతారు, సగం డబ్బు పన్నుల నుంచి వస్తుంది. మంచంలో ఉన్న మనిషికి స్నానం చేయించడానికి, అన్నం తినిపించడానికి మనిషి ఇంటికి వస్తారు. ఎవరికి ఎంత సహాయం కావాలో పరీక్షించి ఏడు స్థాయిల్లో నిర్ణయిస్తారు. ఇంత చేసినా అక్కడి పల్లెలు ఖాళీ అవుతూనే ఉన్నాయి. హొక్కైడోలోని యూబరి అనే బొగ్గుగనుల పట్టణంలో 1960లో లక్ష మందికి పైగా ఉండేవారు. ఇప్పుడు ఏడు వేల మంది కూడా లేరు, ఉన్నవారిలో సగానికి పైగా వృద్ధులు. 2007లో ఆ పురపాలక సంఘం దివాలా తీసింది.

కొరియా కథను మాత్రం జాగ్రత్తగా చదవండి. మనకు జపాన్ కన్నా కొరియా దగ్గర. ఆ దేశంలో జాతీయ పింఛను పథకం 1988లో మొదలైంది, మొదట సంస్థల్లో పనిచేసే ఉద్యోగులకే. రైతులకు 1995లో, పట్టణాల్లోని సొంత వృత్తులవారికి 1999లో వచ్చింది. చందా కట్టినవారికే పింఛను. 1988 నాటికే యాభైలకు చేరిన తరం కట్టింది ఎన్నేళ్ళు? కొందరు అసలు కట్టనేలేదు. కొరియాను కట్టిన తరం అదే. పొలాలమ్మి, కడుపు కట్టుకుని పిల్లలను చదివించిన తరం అది. పిల్లలే చూసుకుంటారన్నది అక్కడ కూడా మనలాగే రాయని ఒప్పందం. పిల్లలు సియోల్‌కు వెళ్ళారు, చిన్న ఫ్లాట్లలో ఉన్నారు, వాళ్ళ పిల్లల చదువులకే వాళ్ళ జీతం చాలలేదు. ఫలితంగా ధనిక దేశాలన్నిటిలోకీ వృద్ధుల పేదరికం కొరియాలోనే ఎక్కువ. 65 దాటినవారిలో దాదాపు 40 శాతం మంది, దేశ మధ్యస్థ ఆదాయంలో సగం కన్నా తక్కువతో బతుకుతున్నారు. సియోల్ వీధుల్లో తోపుడు బండ్ల మీద పాత అట్టపెట్టెలు ఏరుకుని అమ్ముకునే ముసలివాళ్ళను చూసి ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకు చందాతో సంబంధం లేని పింఛనును 2014లో గట్టిపరిచారు. ఆలస్యమైపోయింది. ఆ మధ్యకాలంలో గడిచిపోయిన ముసలితనాలను ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

చైనా పల్లెల్లో పింఛను పథకం 2009లో మొదలైనప్పుడు మూల మొత్తం నెలకు 55 యువాన్లు. అంతకుముందు చాలా పల్లెల్లో ఏమీ లేదు. ఒకే బిడ్డ విధానాన్ని 1980 నుంచి 2015 దాకా నడిపి, తర్వాత ఇద్దరు, 2021లో ముగ్గురు అన్నా కాన్పులు పెరగలేదు. 2022 నుంచి జనాభా తగ్గుతోంది.

మన చేతిలో ఏముంది? కేంద్ర ప్రభుత్వ వృద్ధాప్య పింఛను 60 నుంచి 79 ఏళ్ళవారికి నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500. చాలా ఏళ్ళుగా ఆ మొత్తం కదల్లేదు. దాని మీద ఎంత కలిపేదీ రాష్ట్రం ఇష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2014 వరకు 200 ఉన్న పింఛను వెయ్యి అయింది, రెండు వేలయింది, 2024 జులై నుంచి 4,000 అయింది. ఒకటో తారీఖున సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తారు. ఈ విషయంలో మన రాష్ట్రం చాలా రాష్ట్రాల కన్నా ముందుంది. పార్టీలను పక్కన పెట్టి చెబుతున్నాను, చందాతో సంబంధం లేని పింఛను పల్లె ముసలివాళ్ళకు ఎంత పెద్ద ఆసరానో కొరియాను చూసినవాళ్ళకు బాగా అర్థమవుతుంది. 2024 అక్టోబరు నుంచి 70 దాటిన అందరికీ ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల రూపాయల ఆయుష్మాన్ భారత్ వైద్య బీమా వచ్చింది. ఆసుపత్రిలో చేరితే అది పనికొస్తుంది. పక్షవాతం వచ్చి ఇంట్లో మంచాన పడ్డ మనిషిని రోజూ లేపి కూర్చోబెట్టేవారికి, అంటే కోడలికో కూతురికో, ఇచ్చే ఆసరా మనదగ్గర దాదాపు లేదు. జపాన్ 2000లో చేసిన పని మనదేశంలో ఇంకా జరగలేదు. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్ద లోటు.

శాతాలతో పాటు సంఖ్యలూ చూడండి. జపాన్‌లో 29 శాతం అంటే సుమారు 3.6 కోట్ల మంది. మన 7 శాతం అంటే 10 కోట్లు. చైనా 2020 జనగణనలో 65 దాటినవారు 19 కోట్లు. ఎంతమంది నర్సులు, ఎన్ని పడకలు, ఎన్ని కంటి ఆపరేషన్లు అన్న ప్రశ్నలకు శాతం జవాబు చెప్పదు.

భారతదేశాన్ని ఒక్క దేశంగా తీసుకోవడంలోనూ చిక్కుంది. 60 దాటినవారి వాటా, 2021కి వేసిన అధికారిక అంచనాల్లో, కేరళలో 16.5, తమిళనాడులో 13.6, ఆంధ్రప్రదేశ్‌లో 12.4, బీహార్‌లో 7.7. మన రాష్ట్రానికి 2031 అంచనా 16.4. అంటే కేరళ 2021లో ఉన్నచోటికి మనం పదేళ్ళ తర్వాత చేరతాం. కేరళను చూసి ముందే నేర్చుకునే అవకాశం ఉంది. కానీ కేరళకున్న పల్లె ఆరోగ్య వ్యవస్థ మనకు లేదు.

ఇక వలస. దేశాల మధ్య పోలికలో చాలామంది వదిలేసేది ఇదే, మన కడప, అనంతపురం, కర్నూలు జిల్లాలకు అన్నిటికన్నా దగ్గరగా తగిలేదీ ఇదే.

కువైట్ జనాభా పట్టిక తీసి చూడండి. పాతిక నుంచి యాభై ఏళ్ళ వయసువారు ఉబ్బి ఉంటారు, 65 దాటినవారు చాలా తక్కువ. చూసినవారు అదొక పడుచు దేశం అనుకుంటారు. ఆ దేశ జనాభాలో మూడింట రెండు వంతులకు పైగా విదేశీయులే. అక్కడ ఆ ఉబ్బులో ఉన్నవారిలో రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి వెళ్ళిన మనవాళ్ళూ ఉన్నారు. డ్రైవర్లు, వంటవాళ్ళు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు. పని ఉన్నంతవరకే అక్కడ ఉండనిస్తారు, పౌరసత్వం ఇవ్వరు. మోకాళ్ళు అరిగాక, కళ్ళు మసకబారాక ఉమ్మడి కడప జిల్లాకే తిరిగి వస్తారు. ఆ మనిషి పడుచుదనం కువైట్ పట్టికలో లెక్కకు వచ్చింది, ముసలితనం మన పట్టికలో లెక్కకు వస్తుంది. వెంట తెచ్చుకునే పింఛను ఏమీ లేదు.

దీని పక్కన జర్మనీని పెట్టండి. 1961లో తుర్కియేతో ఒప్పందం చేసుకుని కార్మికులను రప్పించింది. 1973లో కొత్తవాళ్ళను తీసుకోవడం ఆపేసింది గానీ, వచ్చినవాళ్ళలో చాలామంది అక్కడే ఉండిపోయారు, కుటుంబాలను తెచ్చుకున్నారు. పనిచేసిన ఏళ్ళకు పింఛను చందా కట్టారు, ఇప్పుడు జర్మనీలోనే ముసలివాళ్ళై ఆ పింఛను తీసుకుంటున్నారు. రెండూ వలసలే, రెండు చోట్లా పడుచువాళ్ళు వెళ్ళి దేశాన్ని కొంతకాలం లేతపరిచారు. ఆ తర్వాత ముసలితనం ఎవరి లెక్కలో పడింది, ఎవరి ఖర్చులో పడింది అన్నది పూర్తిగా వేరు.

పంపే దేశం ఏమవుతుందో చూడాలంటే బల్గేరియా ఉంది. 1980ల చివర దాదాపు 90 లక్షల జనాభా, 2021 జనగణనలో 65 లక్షలు. కాన్పులు తగ్గాయి, పడుచువాళ్ళు పశ్చిమ ఐరోపాకు వెళ్ళిపోయారు, మిగిలినవారిలో ఐదో వంతుకు పైగా 65 దాటినవారు. అనంతపురం జిల్లా వేరుశనగ పల్లెల్లో వాన తప్పిన ప్రతిసారీ బెంగుళూరు బస్సెక్కే కుటుంబాలను చూసినవారికి బల్గేరియా కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే: దేశం దాటి వెళితే అది అంతర్జాతీయ పట్టికల్లోకి ఎక్కుతుంది. జిల్లా దాటితే సగటులో కలిసిపోయి కనిపించకుండా పోతుంది.

కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు, ఇది ఏటా జరిగే పని. పంట చేతికొచ్చాక, లేదా ఎండిపోయాక, కుటుంబాలు గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి వెళతాయి. సుగ్గికి పోవడం అంటారు. 2011 జనగణనలో ఇంటింటి లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా సాగింది. ఆ రోజులంతా ఊళ్ళో లేనివారిని ఉన్నచోటే లెక్కించాలి. మిరప కోతలు జోరుగా ఉండేది సరిగ్గా అప్పుడే. ఆ ఫిబ్రవరిలో ఒక పల్లెలో వీధంతా తాళాలు చూశాను. అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. చీర కొంగు ముడిలో నాలుగిళ్ళ తాళపుచేతులు, పక్కన బడి మానకుండా ఉండాలని వదిలి వెళ్ళిన మనవలు. ఆ వీధి లెక్క కాగితం మీదికి ఎక్కేసరికి పైన ముసలివాళ్ళు, కింద పిల్లలు, మధ్యలో దాదాపు ఎవరూ లేరు. మే నెలలో అదే వీధిని లెక్కపెడితే పట్టిక వేరే రూపంలో ఉండేది. తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1 అని ప్రకటించారు. అంటే మళ్ళీ సుగ్గి కాలమే. మండల స్థాయి అంకెలు వాడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ ముసలమ్మ దగ్గరే ఇంకో పాఠం కూడా ఉంది. వయసెంతమ్మా అంటే అరవై రాసుకో నాయనా అంది. అప్పుడు మేం తిథులు, సంవత్సరాలు అడగం, సంఘటనలు అడుగుతాం. కర్నూలు రాజధాని అయినప్పుడు నీకు ఊహ తెలుసా? అది 1953 అక్టోబరు. తుంగభద్ర డ్యాం పనులు జరిగేటప్పుడు? డ్యాం పనికి వాళ్ళ నాన్న వెళితే తాను చంకబిడ్డనని, అమ్మ చెప్పేదని అంది. అలా లెక్కగట్టి అరవై రెండో, అరవై మూడో రాస్తాం. అలా అడగకుండా చెప్పింది చెప్పినట్లు రాస్తే మన జనగణన పట్టికల్లో 60 దగ్గర ఒక గోపురం లేస్తుంది, 59, 61 దగ్గర పల్లం పడుతుంది. 65, 70 దగ్గర కూడా అంతే. స్వీడన్‌లో చర్చి రిజిస్టర్ల ఆధారంగా 1749 నుంచి జనాభా లెక్కలున్నాయి. జపాన్‌లో కుటుంబ రిజిస్టర్లు 1870ల నుంచి ఉన్నాయి. అక్కడ వయసు రాత మీద తెలుస్తుంది. ఆ రిజిస్టర్లు కూడా తప్పులు లేనివి కావు. 2010లో, వందేళ్ళు దాటి బతికే ఉన్నట్టు జపాన్ రిజిస్టర్లలో నమోదై, ఆచూకీ లేనివారు రెండు లక్షల ముప్పై వేలకు పైగా తేలారు. కాబట్టి వంద ఏళ్ళ కాలక్రమాన్ని గీసేటప్పుడు ఒక్కో దేశం వయసును ఎలా రాసిందో ఒక పేరా రాయండి. మన దేశపు గీతలో చిన్నచిన్న ఎగుడుదిగుళ్ళు కనిపిస్తే వాటికి పెద్ద కారణాలు వెతకవద్దు. ఐదేళ్ళ వర్గాలుగా కలిపి చూస్తే చాలావరకు సర్దుకుంటాయి.

పాఠ్యపుస్తకాల్లో ఉండే ఆధారిత నిష్పత్తి గురించి కూడా కొంచెం. 15 నుంచి 64 ఏళ్ళ వయసున్న ప్రతి వందమందికి 65 దాటినవారు ఎంతమంది అన్నదే అది. జపాన్‌లో దాదాపు 50, మనదగ్గర 10 చిల్లర. ఉపయోగపడే కొలతే, కానీ 65 నిండిన రోజు నుంచి మనిషి ఇతరుల మీద ఆధారపడతాడని అది ముందే తీర్మానించేస్తుంది. జపాన్‌లోనే 65 దాటినవారిలో పావు వంతు మంది పనిచేస్తున్నారు. మన పల్లెల్లో శనక్కాయలు వలిచే, మేకలు తోలే, మనవలను పెంచే డెబ్బై ఏళ్ళ ఆడవాళ్ళు ఎవరి మీద ఆధారపడ్డారో, ఎవరు వాళ్ళ మీద ఆధారపడ్డారో ఆ ముసలమ్మ కొంగు ముడే చెబుతుంది. 65 గీతకు మూలం కూడా గొప్పదేమీ కాదు. 1889లో బిస్మార్క్ జర్మనీలో వృద్ధాప్య పింఛను పెట్టినప్పుడు వయసు 70, దాన్ని 1916లో 65కు తగ్గించారు. తర్వాత ప్రపంచమంతా ఆ అంకెకు అలవాటు పడింది.

దీనికి బదులుగా సాండర్సన్, షెర్బోవ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో కొలత ప్రతిపాదించారు. పుట్టి ఎన్నేళ్ళయింది అని కాకుండా, సగటున ఇంకా ఎన్నేళ్ళు బతుకుతారు అని చూడాలన్నారు. సగటున ఇంకో 15 ఏళ్ళే మిగిలిన వయసు నుంచి వృద్ధాప్యం మొదలైనట్టు లెక్క. ఇలా చూస్తే జపాన్‌లో ముసలితనం డెబ్బై దాటాక గాని మొదలు కాదు, మనదేశంలో 65కు కాస్త అటూ ఇటూగానే మొదలవుతుంది. అప్పుడు జపాన్‌కూ మనకూ మధ్య మీరు చూసిన 29, 7 దూరం చాలా తగ్గిపోతుంది. ప్రాజెక్టులో రెండు కొలతలూ పెట్టి, రెండిటి మధ్య ఎంత తేడా వచ్చిందో చూపించండి. పరిశీలకులు తప్పకుండా మెచ్చుకుంటారు.

కాన్పులు పెంచితే సరిపోతుంది కదా అని మీరు ప్రశ్న చివర ఇంకో మాట అడిగారు. ముగ్గురు పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను మన రాష్ట్రం 2024లో తీసేసింది. తీసేయడం మంచిదే, అది పేదలను, ఆడవాళ్ళను శిక్షించిన నిబంధన. కానీ 2050లో 65 నిండి ఉండేవాళ్ళంతా 1985లో గానీ అంతకుముందు గానీ పుట్టినవాళ్ళే. వాళ్ళ సంఖ్యను ఏ ప్రోత్సాహకమూ మార్చలేదు. ఇప్పుడు పుట్టే బిడ్డ 2050లో పాతికేళ్ళ లోపే ఉంటుంది. కొరియా, జపాన్ ఎన్నో ఏళ్ళుగా డబ్బులిచ్చి చూశాయి, కాన్పుల రేటు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. ఆ డబ్బును ఉన్న పెద్దల సంరక్షణకు, ఇంట్లో ఆ భారం మోసే ఆడవాళ్ళకు ఖర్చు పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

పని ఎలా మొదలుపెట్టాలంటే, ఐక్యరాజ్యసమితి ప్రపంచ జనాభా అంచనాలు అందరికీ ఉచితంగా దొరుకుతాయి, 1950 నుంచి ప్రతి దేశానికీ ఉన్నాయి. జపాన్, కొరియా, చైనా, బల్గేరియా, కువైట్, భారత్ చాలు. 7 శాతం చేరిన ఏడాదిని సున్నాగా పెట్టి గీతలు గీయండి. ఫ్రాన్స్, స్వీడన్ల మొదటి దశకు ఆ దేశాల సొంత గణాంకాలు కావాలి. కువైట్ గీత ఇప్పటిదాకా సున్నాకే చేరలేదు, ఎందుకో ఒక పేజీ రాయండి. తర్వాత మీ జిల్లా నుంచి ఒక మండలం తీసుకుని 2011 పట్టికలో ఐదేళ్ళ వయసు వర్గాలు చూడండి. వీలైతే ఒకటో తారీఖు పొద్దున సచివాలయం వాళ్ళు పింఛను పంచేటప్పుడు అనుమతి తీసుకుని వెంట వెళ్ళండి. ప్రతి ఇంట్లోనూ రెండే ప్రశ్నలు అడగండి: ఈ ఇంట్లో ఇంకెవరెవరు ఉంటారు, మీకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు? పేర్లు రాసుకోవద్దు. పట్టిక తయారయ్యాక ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను.